జి.డి.నాయుడు

గోపాలస్వామి దొరస్వామి నాయుడు (మార్చి 23, 1893 - జనవరి 4, 1974) కోయంబత్తూరుకు చెందిన సుప్రసిద్ధ ఆవిష్కర్త, పారిశ్రామికవేత్త, దాత. జి.డి.నాయుడు అనే పేరుతోనే ఎక్కువగా ప్రసిద్ధుడు. తమిళనాడులో తరతరాలుగా స్థిరపడిన ఒక తెలుగు కుటుంబంలో జన్మించిన ఇతడిని భారతదేశపు ఎడిసన్ అని పిలుస్తారు. ప్రాథమిక విద్యను కూడా సక్రమంగా పూర్తి చేయని నాయుడు, యౌవనంలో ఒక పాత మోటారు సైకిల్‌ను కొని, దాని యంత్రాన్ని విడి భాగాలుగా విప్పి, తిరిగి బిగించి, ఇంజను విద్యను స్వయంగా నేర్చుకున్నాడు. ఆ విద్యే పెట్టుబడిగా 1920లో ఒక్క బస్సుతో రవాణా వ్యాపారం ప్రారంభించాడు. 1937లో భారతదేశంలో తయారైన మొదటి విద్యుత్ మోటారు ఇతని కర్మాగారం నుండే వెలువడింది. రేడియో, క్షౌర యంత్రం, చిన్న కారు వంటి అనేక వస్తువులను సామాన్యులకు అందుబాటు ధరలో తయారు చేయాలని జీవితాంతం కృషి చేశాడు. వాటిలో కొన్ని ఫలించాయి, కొన్ని ప్రభుత్వ అనుమతులు లభించక ఆగిపోయాయి.

కుటుంబ నేపథ్యం

తమిళనాడు పశ్చిమ భాగంలోని కోయంబత్తూరు పరిసర ప్రాంతాన్ని కొంగునాడు అంటారు. విజయనగర రాజుల కాలంలోను, ఆ తరువాత మధుర నాయక రాజుల కాలంలోను తెలుగు నేల నుండి అనేక కుటుంబాలు ఈ ప్రాంతానికి వలస వెళ్ళి, నల్లరేగడి భూములలో వ్యవసాయం చేస్తూ స్థిరపడ్డాయి. వీరు బయట తమిళం మాట్లాడినా ఇళ్ళలో తెలుగును నిలుపుకున్నారు. కోయంబత్తూరు నూలు మిల్లులు, యంత్ర పరిశ్రమలు, విద్యాసంస్థల స్థాపనలో ఈ కుటుంబాల పాత్ర గణనీయమైనది. జి.డి.నాయుడు ఇటువంటి ఒక వ్యవసాయ కుటుంబానికి చెందినవాడు.

బాల్యం

నాయుడు మార్చి 23, 1893న కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో జన్మించాడు. తండ్రి గోపాలస్వామి నాయుడు. పసితనంలోనే తల్లిని కోల్పోయాడు. బడి చదువు మీద ఇతనికి ఆసక్తి ఉండేది కాదు. ఉపాధ్యాయులపై ఇసుక చల్లి బడి నుండి బయటకు వచ్చిన అల్లరి పిల్లవాడిగా ఇతని బాల్యాన్ని గురించి చెబుతారు. చదువు మానిన తరువాత కుటుంబానికి చెందిన పొలంలో పనులకు వెళ్ళేవాడు.

బడి మానినంత మాత్రాన చదవటం మానలేదు. పొలం పనుల నడుమ తమిళ పుస్తకాలు తెచ్చుకొని సొంతంగా చదివేవాడు. పరీక్షల కోసం కాక, తెలుసుకోవాలనే కోరికతో చదవటం ఇతనికి అప్పటి నుండి అలవాటైంది. పాఠశాల పద్ధతికీ ఇతని స్వభావానికీ బాల్యంలో ఏర్పడిన ఈ వైరుధ్యం, తరువాతి జీవితంలో సాంకేతిక విద్యపై ఇతని అభిప్రాయాలలో కూడా కనిపిస్తుంది.

మోటారు సైకిల్

ఇరవై ఏళ్ళ ప్రాయంలో నాయుడు జీవితాన్ని మలుపు తిప్పిన సంఘటన జరిగింది. ఒక ఆంగ్ల రెవెన్యూ అధికారి మోటారు సైకిల్ మీద గ్రామానికి వచ్చాడు. ఎద్దుల బండ్లు, గుర్రపు బండ్లు తప్ప మరొకటి ఎరుగని పల్లెలో, లాగే జంతువు లేకుండా తనంతట తాను నడిచే బండి అందరికీ వింతగా తోచింది. మిగిలినవారు చూసి వెళ్ళిపోయారు. నాయుడు మాత్రం అది ఎలా నడుస్తున్నదో తెలుసుకోవాలనుకున్నాడు. అందుకు దానిని సొంతం చేసుకోవటం తప్ప మరొక మార్గం ఇతనికి కనిపించలేదు.

కొనటానికి చేతిలో డబ్బు లేదు. నాయుడు ఇల్లు విడిచి కోయంబత్తూరు చేరి, ఒక హోటల్లో సర్వరుగా పనికి కుదిరాడు. కొన్ని సంవత్సరాల పాటు జీతంలో మిగిలినది కూడబెట్టి, ఆ డబ్బుతో ఆ మోటారు సైకిల్‌ను కొన్నాడు. అది ఇంగ్లండులోని కొవెంట్రీ నగరంలో రడ్జి-విట్‌వర్త్ సంస్థ తయారు చేసిన రడ్జి బండి. కొన్న తరువాత దాని మీద ఊరేగటంతో తృప్తి పడలేదు. యంత్రాన్ని పూర్తిగా విప్పి, ప్రతి భాగాన్నీ పరిశీలించి, మళ్ళీ యథాతథంగా బిగించాడు. దగ్గర నేర్పే గురువు లేడు. బిగించిన బండి తిరిగి నడవటమే ఇతను ఉత్తీర్ణుడైన పరీక్ష.

రడ్జి ఇంజను - అశ్వశక్తి

ఆ బండిని విప్పటం వలన నాయుడు ఏమి నేర్చుకొని ఉంటాడో అర్థం కావాలంటే ఆ కాలపు ఇంజను నిర్మాణం కొంత తెలియాలి. రడ్జి సంస్థ తన మొదటి మోటారు సైకిల్‌ను 1911లో విడుదల చేసింది. దాని ఇంజనులో ఒకే సిలిండరు ఉండేది. సిలిండరు వ్యాసం 85 మిల్లీమీటర్లు, పిస్టన్ (ముషలకం) కదిలే దూరం 88 మిల్లీమీటర్లు, మొత్తం ఘనపరిమాణం 499 ఘన సెంటీమీటర్లు. దీనిని మూడున్నర అశ్వశక్తి బండిగా అమ్మేవారు. ఇది తరగతిని తెలిపే నామమాత్రపు సంఖ్య. ఇంజను వాస్తవంగా ఇచ్చే శక్తి ఇంతకంటే ఎక్కువగానే ఉండేది.

ఒక అశ్వశక్తి అంటే సుమారు 746 వాట్లు. అంటే దాదాపు 76 కిలోగ్రాముల బరువును ఒక సెకనులో ఒక మీటరు ఎత్తుకు లేపగల సామర్థ్యం. పెట్రోలు ఇంజనులో ఈ శక్తి నాలుగు దశలలో పుడుతుంది. మొదట పిస్టన్ కిందికి జారుతూ కార్బురేటరు నుండి పెట్రోలు ఆవిరి, గాలి కలిసిన మిశ్రమాన్ని పీల్చుకుంటుంది. తరువాత పైకి వస్తూ దానిని నొక్కుతుంది. మాగ్నెటో పుట్టించిన విద్యుత్తుతో నిప్పురవ్వ వెలువడి మిశ్రమం మండి, పిస్టన్‌ను బలంగా కిందికి తోస్తుంది. చివరగా కాలిన వాయువు బయటకు పోతుంది. మిశ్రమం లోపలికి రావటానికి ఒకటి, వాయువు బయటకు పోవటానికి ఒకటి చొప్పున రెండు కవాటాలు ఉంటాయి. వీటిలో ఏ ఒక్కటి వేళ తప్పినా ఇంజను నడవదు.

ఇంజను శక్తి రెండు విషయాలపై ఆధారపడుతుంది. ఒకటి, ప్రతి దహనంలో పిస్టన్‌పై పడే తోపు. రెండవది, నిమిషానికి జరిగే దహనాల సంఖ్య. కాబట్టి శక్తిని పెంచాలనుకున్నవారు ఈ రెండింటిలో ఒకదానిని గాని, రెండింటినీ గాని పెంచేవారు. మిశ్రమం లోపలికి వచ్చే దారులను నునుపు చేయటం, కార్బురేటరు రంధ్రాన్ని మార్చటం, పిస్టన్ బరువు తగ్గించటం, కవాటాలు ఎక్కువ సేపు తెరుచుకునేలా క్యామ్ ఆకారాన్ని మార్చటం, మిశ్రమాన్ని మరింత గట్టిగా నొక్కేలా దహన గదిని చిన్నది చేయటం ఆనాటి నుండి నేటి వరకు వాడుకలో ఉన్న పద్ధతులు. రడ్జి సంస్థ కూడా ఇదే దారిలో నడిచింది. 1911లో విక్టర్ సర్రిడ్జ్ ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్స్ పందెపు బాట మీద రడ్జి బండితో ఒక గంటలో 60 మైళ్ళకు పైగా ప్రయాణించాడు. 1914లో ఐల్ ఆఫ్ మాన్ సీనియర్ పోటీలో సిరిల్ పుల్లిన్ రడ్జి బండితోనే విజేతగా నిలిచాడు.

అయితే ఈ మార్పులకు హద్దులు ఉన్నాయి. ఆనాటి పెట్రోలు నాణ్యత తక్కువ. మిశ్రమాన్ని ఎక్కువగా నొక్కితే అది వేళకు ముందే, అదుపు లేకుండా మండి, ఇంజను లోపల సుత్తితో కొట్టినట్లు శబ్దం వచ్చేది. సిలిండరును చల్లబరచటానికి ఎదురుగాలి తప్ప మరొక ఏర్పాటు లేదు. శక్తి పెరిగితే వేడి పెరుగుతుంది, వేడి పెరిగితే పిస్టన్ సిలిండరులో బిగుసుకుపోతుంది, కవాటాలు మాడిపోతాయి. ఒక భాగాన్ని మార్చినవాడు దానితో ముడిపడిన మిగిలిన భాగాల సంగతి కూడా చూడవలసిందే.

మరొక విషయం కూడా గమనించదగినది. ఆ కాలపు ఇంజనులు వాడుతున్న కొద్దీ శక్తిని కోల్పోయేవి. కందెన నూనె కొంత దహన గదిలోకి చేరి మండటం వలన పిస్టన్ పైన మసి పేరుకొనేది. కవాటాలు తమ పీటల మీద సరిగా కూర్చోక, నొక్కబడిన మిశ్రమం లీకయ్యేది. అందుచేత తరచుగా ఇంజను విప్పి మసి గీకటం, కవాటాలను అరగదీసి సరిపుచ్చటం, అరిగిన రింగులు మార్చటం మెకానిక్కుల నిత్య కృత్యం. కొత్త శక్తిని కల్పించటం కంటే ముందు, పోయిన శక్తిని తిరిగి రాబట్టటం నేర్చుకోవాలి. విప్పి, శుభ్రం చేసి, బిగించే పనిలో చేయి తిరిగినవాడికే ఇది సాధ్యమవుతుంది.

పత్తి వ్యాపారం, స్టేన్స్ పరిచయం

మోటారు సైకిల్ వలన నాయుడు మెకానిక్కుగా మారాడు. అయితే జీవనానికి మొదట వ్యాపారాన్ని ఎంచుకున్నాడు. కోయంబత్తూరు ప్రాంతం పత్తి పంటకు ప్రసిద్ధి. పత్తి వ్యాపారంలో దిగి మంచి లాభాలు గడించాడు. ఆ ధైర్యంతో బొంబాయి వెళ్ళి అక్కడి పత్తి మార్కెట్టులో వ్యాపారం చేశాడు. కాని అక్కడి వ్యాపారుల ముందు నిలవలేక సంపాదించినదంతా పోగొట్టుకొని తిరిగివచ్చాడు.

ఈ దశలో ఇతనికి సర్ రాబర్ట్ స్టేన్స్ పరిచయమయ్యాడు. స్టేన్స్ కోయంబత్తూరులో స్థిరపడిన ఆంగ్ల పారిశ్రామికవేత్త. 1862లో అక్కడ పాఠశాలను స్థాపించాడు. కాఫీ వ్యాపారం, నూలు మిల్లుతో పాటు మోటారు వాహనాల వ్యాపారం కూడా చేసేవాడు. నాయుడు ఇతని సంస్థలో పనిచేసి, యంత్రాలపై తన అవగాహనతో యజమాని మెప్పు పొందాడు. నెల జీతగాడిగా ఉండిపోవద్దని ప్రోత్సహించి, బస్సు కొనటానికి స్టేన్స్ అప్పు ఇచ్చాడు. తాను కూడగట్టిన సొమ్మును దానికి కలిపి నాయుడు ఒక బస్సు కొన్నాడు.

బస్సు రవాణా

1920లో నాయుడు పొల్లాచ్చి, పళని ఊళ్ళ మధ్య బస్సు నడపటం ప్రారంభించాడు. పళని కుమారస్వామి క్షేత్రం, నిత్యం వేలాదిగా యాత్రికులు వచ్చే చోటు. పోదనూరు నుండి రైలు మార్గం 1915లో పొల్లాచ్చి వరకు వచ్చి అక్కడితో ఆగింది. పొల్లాచ్చి నుండి పళని మీదుగా దిండిగల్ వరకు రైలు మార్గం 1928లో గాని పూర్తి కాలేదు. ఆ నడిమి సంవత్సరాలలో పొల్లాచ్చిలో రైలు దిగిన యాత్రికులకు బండ్లే గతి. ఈ లోటును గుర్తించి ఆ దారిని ఎంచుకోవటం నాయుడు వ్యాపార దృష్టికి నిదర్శనం.

మొదట్లో బస్సును తానే నడిపేవాడు. దారిలో ఇంజను ఆగిపోతే బాగుచేసుకోవటానికి మరొకరి కోసం ఎదురుచూడవలసిన పని లేదు. బస్సు వ్యాపారంలో లాభనష్టాలు చాలావరకు ఇంజను మీదనే ఆధారపడతాయి. ఆగిన బస్సు ఆ రోజు సంపాదన పోగొట్టటమే కాక, ప్రయాణికుల నమ్మకాన్ని కూడా పోగొడుతుంది. రడ్జి బండి నేర్పిన విద్య ఇక్కడ ఇతనికి అక్కరకు వచ్చింది.

వ్యాపారం క్రమంగా విస్తరించి యూనివర్సల్ మోటార్ సర్వీస్ (యు.ఎం.ఎస్.) అనే పెద్ద సంస్థగా రూపొందింది. కొద్ది సంవత్సరాలలోనే ఇది దేశంలోని అత్యంత సమర్థమైన బస్సు సంస్థలలో ఒకటిగా పేరు పొందింది. 1944లో నాయుడు మోటారు సంస్థల నిర్వహణ నుండి తప్పుకున్నాడు. ఆ సందర్భంగా పరిశోధక విద్యార్థులకు ఉపకార వేతనాలు, ఉద్యోగుల సంక్షేమం, వెనుకబడిన వర్గాల అభ్యున్నతి కోసం విరాళాలు ప్రకటించాడు.

విద్యుత్ మోటారు తయారీ

గోదావరి డెల్టాలో కాలువ నీటితో పండించే రైతుకు బావి లోతు పెద్ద సమస్య కాదు. కొంగునాడు పరిస్థితి వేరు. పడమటి కనుమల చాటున ఉండటం వలన అక్కడ వర్షపాతం తక్కువ, లోతైన బావులే వ్యవసాయానికి ఆధారం. ఎద్దులతో కపిల తోలి నీరు తోడటం రైతుకు పెద్ద శ్రమ. 1930వ దశకం ప్రారంభంలో నీలగిరి కొండలలోని పైకారా జలవిద్యుత్ కేంద్రం నుండి కోయంబత్తూరుకు విద్యుత్తు రావటంతో పరిస్థితి మారింది. నూలు మిల్లులు పెరిగాయి, బావుల మీద పంపులు వెలిశాయి. అయితే వాటికి కావలసిన విద్యుత్ మోటార్లను విదేశాల నుండి తెప్పించవలసి వచ్చేది.

ఈ అవసరాన్ని గుర్తించిన నాయుడు, కోయంబత్తూరు శివారులోని పీలమేడులో నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్ అనే కర్మాగారాన్ని నెలకొల్పాడు. 1937లో ఈ కర్మాగారం నుండి భారతదేశంలో తయారైన మొదటి విద్యుత్ మోటారు వెలువడింది. దీని రూపకల్పనలో ముఖ్యపాత్ర డి.బాలసుందరం నాయుడిది. ఈ మోటారు విజయమే తరువాత కాలంలో బాలసుందరం నాయుడు టెక్స్‌టూల్ సంస్థను స్థాపించటానికి పునాది అయింది. కోయంబత్తూరు నేడు దేశంలో పంపులు, మోటార్ల తయారీకి ప్రధాన కేంద్రాలలో ఒకటిగా ఉండటానికి ఈ తొలి ప్రయత్నం దారి చూపింది.

ఇతర ఆవిష్కరణలు

నాయుడు యూరపులో పర్యటించి అక్కడి కర్మాగారాలను, తయారీ పద్ధతులను పరిశీలించాడు. ఇతని ఆవిష్కరణలలో ముఖ్యమైనవి:

రసాంత్ క్షౌర యంత్రం - చిన్న మోటారుతో, పొడి బ్యాటరీలతో పనిచేసే విద్యుత్ క్షౌర యంత్రం. ఇది జర్మనీలో తయారైంది.

పలుచని క్షౌర బ్లేడ్లు.

సినిమా కెమెరాలలో దూరాన్ని సరిచేసే సాధనం.

పండ్ల రసం తీసే యంత్రం.

కిరోసిన్‌తో నడిచే పంకా - విద్యుత్తు లేని ఇళ్ళ కోసం తయారు చేసినది.

ఓట్లు నమోదు చేసే యంత్రం - మోసానికి తావు లేకుండా రూపొందించినది.

1941లో అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే తయారు చేయగలనని ప్రకటించాడు. రేడియో ధనికుల ఇళ్ళలో తప్ప కనిపించని కాలమది. ఇతని ఆవిష్కరణలలో చాలా వాటి వెనుక ఒకే ఆలోచన కనిపిస్తుంది. వస్తువును విప్పి చూసి, అందులో అనవసరమైనది తొలగించి, అవసరమైనదాన్ని చవకగా తయారు చేయటం ఇతని పద్ధతి.

వ్యవసాయంలో కూడా ప్రయోగాలు చేశాడు. పత్తి, మొక్కజొన్న, బొప్పాయి పంటలలో కొత్త రకాలను అభివృద్ధి చేశాడు. ఇతని వ్యవసాయ క్షేత్రాన్ని సర్ సి.వి.రామన్, మోక్షగుండం విశ్వేశ్వరయ్య వంటి ప్రముఖులు సందర్శించారు.

సాంకేతిక విద్య

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో యంత్ర విద్య తెలిసినవారి అవసరం పెరిగింది. నాయుడు విరాళంతో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పాలిటెక్నిక్, 1945లో ఆర్థర్ హోప్ ఇంజనీరింగు కళాశాల ఏర్పడ్డాయి. అప్పటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హోప్ పేరు వీటికి పెట్టారు. నాయుడు స్వయంగా ప్రిన్సిపాలుగా బాధ్యత వహించాడు. మూడవ తరగతి దాటని వ్యక్తి ఇంజనీరింగు కళాశాలకు అధిపతి కావటం అరుదైన విషయం.

అయితే ఇతను ఈ పదవిలో ఎక్కువ కాలం కొనసాగలేదు. ఇంజనీరింగు చదువుకు నాలుగు సంవత్సరాలు కేటాయించటం విద్యార్థుల కాలాన్ని వృథా చేయటమేనని, యంత్రాల మధ్య పని చేస్తూ నేర్చుకుంటే రెండు సంవత్సరాలు సరిపోతాయని ఇతని అభిప్రాయం. ప్రభుత్వం ఈ ప్రతిపాదనను అంగీకరించలేదు. దానితో నాయుడు ప్రిన్సిపాలు పదవికి రాజీనామా చేశాడు.

ఈ వివాదంలో రెండు పక్షాలకూ తమ వాదనలు ఉన్నాయి. గణితం, పదార్థ విజ్ఞానం వంటి మౌలిక శాస్త్రాలకు వ్యవధి కావాలి. వంతెన కట్టేవాడు తప్పులు చేస్తూ నేర్చుకోవటం కుదరదు. అదే సమయంలో, ఒక్క ఇంజనునైనా చేతితో విప్పకుండా పట్టా పుచ్చుకొనే విద్యలోని లోటు కూడా నిజమే. నాయుడు తన అనుభవాన్ని ప్రమాణంగా తీసుకున్నాడు. కాని ఇతనిలోని పట్టుదల అందరు విద్యార్థులకూ ఉంటుందని అనుకోలేము.

ఈ కళాశాల తరువాత తడాగం రోడ్డుకు తరలి, ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా (జి.సి.టి.) ప్రసిద్ధి చెందింది. మొదట కళాశాల ఉన్న పీలమేడు ప్రాంతాన్ని ప్రజలు హోప్స్ కాలేజీ అనే పిలుస్తారు. కళాశాల వెళ్ళిపోయినా బస్సు స్టాపుకు ఆ పేరు నిలిచిపోయింది.

రెండు సీట్ల కారు

1952లో నాయుడు ఇద్దరు కూర్చోగల పెట్రోలు కారును తయారు చేశాడు. ధర 2,000 రూపాయలు. మధ్యతరగతి కుటుంబానికి కూడా కారు అందుబాటులోకి తేవాలన్నది ఇతని ఉద్దేశం. కాని ఉత్పత్తికి అవసరమైన లైసెన్సు ఇవ్వటానికి ప్రభుత్వం నిరాకరించటంతో కారు తయారీ ఆగిపోయింది.

ఆనాటి ప్రభుత్వ విధానం దీనికి నేపథ్యం. పరిశ్రమల (అభివృద్ధి, నియంత్రణ) చట్టం 1951లో ఆమోదం పొంది, 1952లో అమలులోకి వచ్చింది. దీని ప్రకారం ముఖ్యమైన పరిశ్రమలు స్థాపించటానికి కేంద్ర ప్రభుత్వ అనుమతి తప్పనిసరి అయింది. విదేశీ మారకం, ఉక్కు వంటి వనరులు పరిమితంగా ఉన్నందున వాటిని ప్రణాళిక ప్రకారం పంచాలన్నది ప్రభుత్వ ఆలోచన. 1953లో మోటారు వాహనాల తయారీని, విడి భాగాలను క్రమంగా దేశంలోనే తయారు చేసే ప్రణాళిక ఉన్న కొద్ది సంస్థలకే పరిమితం చేశారు. విదేశీ భాగాలు తెచ్చి ఇక్కడ బిగించి అమ్మే పెద్ద సంస్థలు సైతం ఆ రోజులలో దేశం విడిచి వెళ్ళాయి. చవక కారు ఆలోచన ఆ తరువాత దశాబ్దాల పాటు ప్రభుత్వంలోను, ప్రజలలోను చర్చనీయాంశంగానే ఉండిపోయింది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చే వరకు దేశంలో చిన్న కారుకు విస్తృత ఆదరణ దక్కలేదు.

పన్నులపై నిరసన

లైసెన్సుల విధానంతో పాటు ఆదాయపు పన్ను విధానం కూడా నాయుడికి నచ్చలేదు. అధిక పన్నులు కొత్త వస్తువులు తయారు చేసేవారిని నిరుత్సాహపరుస్తాయని ఇతను భావించాడు. 1950వ దశకంలో, దీనికి నిరసనగా తాను తయారు చేసిన యంత్రాలను, వస్తువులను ప్రజల సమక్షంలో పగలగొట్టాడు. యౌవనంలో ఒక బండిని విప్పి, ఒక్క మేకు పోకుండా తిరిగి బిగించిన చేతులే ఈ పని చేయటం చూసినవారిని కలచివేసింది. పన్నుల విధానం దీనివలన మారలేదు. కాని కనిపెట్టేవాడికీ ప్రభుత్వానికీ మధ్య ఉండవలసిన సంబంధాన్ని గురించిన చర్చలో ఈ సంఘటనను నేటికీ ప్రస్తావిస్తారు.

వ్యక్తిత్వం, అభిరుచులు

నాయుడికి ఛాయాగ్రహణం, చలనచిత్ర చిత్రీకరణ అంటే ఎంతో ఇష్టం. 1936లో లండనులో జరిగిన అయిదవ జార్జి చక్రవర్తి అంత్యక్రియలను స్వయంగా చిత్రీకరించాడు. మహాత్మా గాంధీ, జవహర్‌లాల్ నెహ్రూ, సుభాష్ చంద్ర బోస్ వంటి నాయకులను కూడా తన కెమెరాలో బంధించాడు. మద్రాసు ప్రాంతీయ ఎన్నికలలో పోటీ చేసి ఓడిపోయాడు. ఎంత ధనం గడించినా నిరాడంబరంగా జీవించాడు. కొత్త వస్తువులను ప్రజలకు, ముఖ్యంగా విద్యార్థులకు చూపించాలనే ఉద్దేశంతో కోయంబత్తూరులో శాశ్వత పారిశ్రామిక ప్రదర్శనశాలను ఏర్పాటు చేశాడు.

మరణం, స్మృతి చిహ్నాలు

జి.డి.నాయుడు జనవరి 4, 1974న తన 80 ఏళ్ళ వయసులో మరణించాడు.

కోయంబత్తూరు అవినాశి రోడ్డులో ఇతని పేరిట ఉన్న ప్రదర్శనశాలలో ఇతని ఆవిష్కరణలను భద్రపరిచారు. ఇతని పేరిట నడిచే ధర్మసంస్థ ఆధ్వర్యంలో పాత కార్ల ప్రదర్శనశాల కూడా ఉంది. ఇతని జీవితంపై ఫిల్మ్స్ డివిజన్ నిర్మించిన డాక్యుమెంటరీ చిత్రం 66వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో ఉత్తమ విజ్ఞాన శాస్త్ర చిత్రంగా ఎంపికైంది. అవినాశి రోడ్డు మీద సుమారు 10 కిలోమీటర్ల పొడవున నిర్మించిన వంతెన రహదారికి తమిళనాడు ప్రభుత్వం జి.డి.నాయుడు పేరు పెట్టింది. దీనిని 2025 అక్టోబరులో ప్రారంభించారు.

ప్రాముఖ్యత

నాయుడు చేపట్టిన పనులన్నీ సఫలం కాలేదు. పత్తి వ్యాపారంలో నష్టపోయాడు, ఎన్నికలలో ఓడాడు, కళాశాలను వదులుకున్నాడు, కారు ఒక నమూనా దశ దాటలేదు. అయినా బస్సు సంస్థ, విద్యుత్ మోటారు, సాంకేతిక కళాశాల అనే మూడింటి ద్వారా ఒక జిల్లా పట్టణం యంత్ర పరిశ్రమల నగరంగా మారటంలో ఇతని పాత్ర చెరగనిది. ఈ మూడింటికీ మూలం ఒక పాత మోటారు సైకిల్. దానిని చూసి ఆశ్చర్యపోయినవారు ఆ ఊరిలో చాలామంది ఉన్నారు. దానిని విప్పి చూడటానికి సంవత్సరాల తరబడి హోటల్లో బల్లలు తుడిచినవాడు మాత్రం ఒక్కడే.